సీత అంటే నాగటి చాలు: ఆ పేరుకు భయమెందుకు?

(శ్రీరామనవమి కళ్యాణం తర్వాత వాలంటీర్ల తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

కళ్యాణం చక్కగా జరిగింది. తలంబ్రాలు అందరికీ అందాయి. వడపప్పు, పులిహోర సిద్ధంగా ఉన్నాయి కాబట్టి మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టం. ఇవాళ పెళ్ళికూతురు గురించి, అందులోనూ ఆవిడ పేరు గురించి నాలుగు మాటలు చెప్పుకుందామని మా వాలంటీర్లం అనుకున్నాం. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాడి సామెత మనకు ఉండనే ఉంది. మా ప్రశ్న అలాంటిది కాదు లెండి. సీత అనే పేరు మన ఇళ్ళలో ఎందుకు తగ్గిపోతోందన్నదే మా ప్రశ్న.

అర్చనలకు గోత్రనామాల పట్టిక కంప్యూటర్లో ఎక్కించే పని మా వాలంటీర్లది. ఒక్కో కుటుంబంలో మూడు తరాల పేర్లు వరసగా టైపు చేస్తుంటే తేడా ఇట్టే తెలుస్తుంది. అమ్మమ్మల, నాయనమ్మల వరసలో సీతమ్మ, సీతామహాలక్ష్మి, సీతారత్నం, సీతారామమ్మ, జానకమ్మ తరచుగా వస్తారు. అమ్మల వరసకు వచ్చేసరికి ఎక్కడో ఒకరు. పిల్లల వరసలో దాదాపు కనిపించరు. ఫ్యాషన్ మారింది, పొట్టి పేర్లు వచ్చాయి అనుకోవచ్చు. కానీ సీత రెండక్షరాల పేరే, అంతకంటే పొట్టి పేరు ఎక్కడ దొరుకుతుంది? పాపకు మంచి పేరు చెప్పమని అడిగిన దంపతులకు మేం ఈ పేరు చెబితే వచ్చే జవాబు వేరు. "పేరు బాగుందండీ, కానీ సీత కష్టాలు వస్తాయేమోనని ఇంట్లో వద్దంటారు."

ఈ భయం గురించి గట్టిగా మాట్లాడుకోవాలి. ముందు ఆ పేరుకు అర్థమేమిటో చూద్దాం.

పొలంలో పుట్టిన మాట

సీత అంటే సంస్కృతంలో నాగటి చాలు. నాగలి కర్రు నేలను చీల్చుకుంటూ పోతే వెనకాల పడే గీత. మన ఊళ్ళలో సాలు అని కూడా అంటారు. విత్తనం పడేది అందులోనే. ఋగ్వేదం నాలుగో మండలంలో 57వ సూక్తం పొలం గురించి, ఎద్దుల గురించి, నాగలి గురించి చెబుతుంది. అక్కడే సీతను దేవతగా పిలిచి, మాకు మంచి పంట ఇవ్వమని వేడుకున్నారు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో రాజుగారి పొలాల సాగు చూసే అధికారి పేరు సీతాధ్యక్షుడు. విత్తనాలు సేకరించడం, అదనులో విత్తించడం, ఎక్కడ ఎంత వాన పడుతుందో లెక్క చూడడం ఆయన పని. ఇవాళ్టి భాషలో వ్యవసాయ శాఖ డైరెక్టరు అనుకోండి.

వాల్మీకి రామాయణం బాలకాండ 66వ సర్గలో జనకమహారాజు విశ్వామిత్రుడికి ఈ సంగతే చెబుతాడు. భూమి దున్నుతుండగా నాగటి చాలులో పాప దొరికింది, అందువల్ల సీత అని పేరు వచ్చింది అంటాడు. పేరు వెతకడానికి ఆయన పుస్తకాలు తిరగేయలేదు. దొరికిన చోటే పేరైంది.

సీతమ్మవారి మిగతా పేర్లతో కలిపి చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. జానకి అంటే జనకుడి కూతురు. వైదేహి అంటే విదేహ దేశపు ఆడపడుచు. మైథిలి అంటే మిథిల అమ్మాయి. ఇక్కడ పుట్టిన మన పిల్లల్ని ఊరికి తీసుకెళితే దుబాయ్ పిల్లలు అంటారు చూడండి, మైథిలి అలాంటి పిలుపే. ఒకటి తండ్రి పేరు మీద, మిగతా రెండూ ఊరి పేరు మీద, దేశం పేరు మీద వచ్చినవి. సీత ఒక్కటే ఆవిడ తనతో పాటు తెచ్చుకున్న పేరు. అందులో తండ్రి లేడు, భర్త లేడు, ఊరు లేదు. నేల ఉంది, పంట ఉంది.

తెలుగు నేల మీద సీతమ్మ

సంస్కృతంలో చివర దీర్ఘంతో సీతా. తెలుగులోకి వచ్చేసరికి రమా రమ అయినట్టు, లతా లత అయినట్టు, సీతా సీత అయింది. అంతటితో ఊరుకోకుండా మనవాళ్ళు అమ్మను చేర్చి సీతమ్మ అన్నారు. అమ్మ అంటే కన్నతల్లి అనే కాదు, ఆడవారి పేరు చివర గౌరవంగా పలికే మాట కూడా. ఊళ్ళలో ముద్దుగా సీతాలు అన్నారు. లక్ష్మిని కలిపి సీతామహాలక్ష్మి అన్నారు.

మనవాళ్ళు ఈ పేరును ఆడపిల్లలకే పరిమితం చేయలేదు. సీతయ్య, సీతాపతి, సీతారామయ్య, సీతారామశాస్త్రి... మగవాళ్ళ పేర్లలో కూడా ఆవిడే ముందు నిలబడింది. మన్యంలో బ్రిటిష్‌వారిని ఎదిరించి 1924లో ప్రాణాలిచ్చిన అల్లూరి పేరు సీతారామరాజు. 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు స్థాపించిన భోగరాజు పట్టాభిగారి పూర్తి పేరు పట్టాభి సీతారామయ్య. మన సినిమా పాటకు ఎంతో చేసిన సిరివెన్నెలగారు సీతారామశాస్త్రి. దేవతల్ని జంటగా పిలిచినా మనకు సీతారాములే, సీత ముందు, రాముడు తర్వాత.

మనుషుల పేర్లు దాటి మాటల్లోకి కూడా వచ్చింది. రంగురంగుల రెక్కలున్న చిన్న ప్రాణికి ప్రపంచంలో ఒక్కో భాషలో ఒక్కో పేరు ఉంది. మనకు మాత్రం అది సీతాకోకచిలుక. కోక అంటే చీర కదా, సీతమ్మ చీర కట్టుకున్న చిలుక అన్నమాట. బతుకమ్మలో పేర్చే పూలలో సీతజడ ఉంది. అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువారి కాలంలో మన దేశానికి వచ్చిన పండుకు మనవాళ్ళు సీతాఫలం అని పేరు పెట్టుకున్నారు. పరాయి దేశం నుంచి వచ్చిన పండును సొంతం చేసుకోవాలంటే వాళ్ళకు తోచిన పేరు సీత. పరాయి దేశంలో బతుకుతున్న మనకు ఈ సంగతి నచ్చాలి.

భద్రాచలం సంగతి మీకు చెప్పక్కర్లేదు. 17వ శతాబ్దంలో పాల్వంచ తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న, అంటే మన రామదాసు, గోల్కొండ చెరసాలలో మగ్గిపోతూ రాముడి మీద ఎన్ని కీర్తనలు కట్టాడో! వాటిలో ఒకదానిలో తన సంగతి రాముడికి చెప్పమని సీతమ్మ తల్లినే బతిమాలుకుంటాడు. నాన్న దగ్గర పని కావాలంటే ముందు అమ్మ చెవిన వేయాలని మన పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. భక్తులకూ అంతే.

ఈ పేరు సముద్రాలు కూడా దాటింది. థాయ్‌లాండ్‌లో రామాయణం ఆడేటప్పుడు ఆవిడ సీదా. ఇండోనేషియాలో సింతా, శింతా. ఇప్పటికీ అక్కడ ఆడపిల్లలకు ఆ పేరు పెడతారు. మీ ఆఫీసులో శింతా అనే సహోద్యోగి ఉంటే ఆవిడది మన సీతమ్మ పేరే.

మరి కష్టాల సంగతి?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సీతమ్మ కష్టాలు పడలేదని మేం అనబోవడం లేదు. అడవి, అపహరణ, అగ్నిప్రవేశం, చివరికి నిండు గర్భిణిగా మళ్ళీ అడవి. 1963లో లవకుశ సినిమా వచ్చినప్పుడు ఎడ్లబండ్లు కట్టుకుని వెళ్ళి చూసి ఏడ్చామని పెద్దలు చెబుతారు. అంజలీదేవిగారు ఎక్కడికి వెళ్ళినా జనం సీతమ్మగానే దండం పెట్టేవారట. మన అమ్మమ్మల, అమ్మల మనసులో సీత అనగానే కన్నీరు మెదలడానికి ఆ సినిమా కూడా ఒక కారణమని మాకు అనిపిస్తుంది. మిథిల ప్రాంతంలో సీతారాముల పెళ్ళి జరిగిన తిథిగా మార్గశిర శుద్ధ పంచమిని పండుగ చేసుకుంటారు కానీ, ఆ రోజున తమ ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేయడానికి చాలామంది వెనకాడతారు. అల్లారుముద్దుగా పెంచిన కూతురు పడ్డ బాధ పుట్టింటివాళ్ళు మర్చిపోలేదు. ఆ ప్రేమను మేం తప్పు పట్టం.

కానీ ఒక్క ప్రశ్న అడగనివ్వండి. రాముడు కూడా పద్నాలుగేళ్ళు అడవిలోనే ఉన్నాడు. పట్టాభిషేకం జరగాల్సిన రోజున రాజ్యం పోయింది. తండ్రి పోయాడు. భార్య దూరమైంది. లక్ష్మణుడు పెళ్ళాన్ని వదిలి అన్న వెంట వెళ్ళాడు. అయినా మగపిల్లాడికి రామ్ అనో, లక్ష్మణ్ అనో పేరు పెట్టేటప్పుడు "వనవాసం వస్తుందేమో" అని ఏ ఇంట్లోనైనా అన్నారా? అడవి ఒకటే, ఎడబాటూ ఒకటే. మగపిల్లాడికి ఆదర్శమైన కథ ఆడపిల్లకు అరిష్టం ఎలా అయింది?

మాకు తోచిన జవాబు చెబుతాం. ఆ భయం పేరు వల్ల వచ్చింది కాదు, ఆడపిల్ల గురించి వచ్చింది. కూతురికి ఎలాంటి ఇల్లు దొరుకుతుందో, అక్కడ ఆవిడ మాట వింటారో లేదోనన్న బెంగను మనం ఒక పేరు మీద పెట్టేశాం. పేరు మార్చినంత మాత్రాన ఆ బెంగ తీరదు. ఇంట్లో ఆడపిల్ల మాటకు విలువ ఇస్తే తీరుతుంది. సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి అని సామెత. పీత అని ఎవరూ పేరు పెట్టుకోకపోయినా కష్టాలు ఎవరికీ తప్పలేదు కదా!

ఇక సీతమ్మ కష్టాలు పడింది అనేటప్పుడు, ఆ కష్టాల్లో ఆవిడ ఏం చేసిందో కూడా పిల్లలకు చెప్పాలి. అడవికి రావద్దు, ఇంట్లో ఉండు అని రాముడంటే ఎదురు వాదించి తన మాట నెగ్గించుకుంది. అరణ్యకాండలో, మనతో వైరం లేనివారిని చంపడం ధర్మం కాదేమో ఆలోచించమని భర్తకు సలహా చెప్పింది. లంకలో రావణుడు ఎదురుగా నిలబడితే మధ్యలో గడ్డిపరక పెట్టి మాట్లాడింది. వీపు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళతానని హనుమంతుడు అన్నా ఒప్పుకోలేదు, రాముడే వచ్చి రావణుణ్ణి గెలిచి తీసుకెళ్ళాలి అంది. ఉత్తరకాండలో వాల్మీకి ఆశ్రమంలో ఇద్దరు పిల్లల్ని పెంచింది. చివర్లో మళ్ళీ పరీక్ష అన్నప్పుడు, ఇక చాలని తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇన్ని నిర్ణయాలు సొంతంగా తీసుకున్న మనిషిని ఏడుపుకు గుర్తుగా పెట్టుకోవడం మన అన్యాయం. రామాయణానికి సీత మహాచరితం అనే పేరు కూడా ఉందని బాలకాండ నాలుగో సర్గలో వాల్మీకే చెప్పాడు. మన రచయిత్రి ఓల్గాగారు విముక్త కథల్లో సీతను మళ్ళీ మన కాలపు ప్రశ్నలతో పలకరించారు. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కథలో పాత్రను ఒప్పుకున్నా, వాదించినా, ఆవిడ ఇంకా మనతో మాట్లాడుతూనే ఉంది.

ఆ పేరు పెట్టుకుని బతికినవాళ్ళను చూద్దాం. గుంటూరు జిల్లా చేబ్రోలులో పుట్టిన వాసిరెడ్డి సీతాదేవిగారు మట్టిమనిషి నవల రాశారు. సీత అంటే నాగటి చాలు అని ఇందాక చెప్పుకున్నాం. ఆ పేరున్నావిడ నుంచి మట్టిని నమ్ముకున్న రైతు కథ రావడం ఎంత బాగుంది! వింజమూరి సోదరీమణులు అనసూయ, సీతగార్లు మన జానపద పాటల్ని ఊరూరి నుంచి సేకరించి రేడియోకు, వేదికలకు తెచ్చారు. రేపల్లె దగ్గర పుట్టిన ఎస్. జానకిగారి గొంతు వినని తెలుగిల్లు లేదు. 1950లో వచ్చిన షావుకారు సినిమాతో షావుకారు జానకిగారి పేరు ముందు ఆ సినిమా పేరే నిలిచిపోయింది. వీళ్ళెవరినీ పేరు వెనక్కి లాగలేదు. 2022లో సీతారామం సినిమా వచ్చాక మన కాలేజీ పిల్లలు కూడా సీతామహాలక్ష్మి అన్న పేరును ఇష్టంగా పలకడం విన్నాం. పేరు పాతబడలేదు, మనం పలకడం మానేశాం.

దుబాయ్‌లో ఈ పేరుతో

ఇక్కడి అవసరాలకు ఈ పేరు ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, మేం సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్ళం కదా. ఇక్కడ పుట్టిన పాపకు 120 రోజుల్లోపు పాస్‌పోర్టు, రెసిడెన్సీ వీసా పూర్తి చేయాలి. అంటే బారసాలకు ఊరికి వెళ్ళి తీరిగ్గా పేరు పెట్టే వీలు చాలామందికి ఉండదు. వీడియో కాల్‌లో తాతగారు పంచాంగం చూసి అక్షరం చెబుతారు. శతభిషం మూడో పాదంలో పుట్టిన పాపకు 'సీ' వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఎమిరేట్స్ ఐడీ మీద పేరు అరబ్బీలో కూడా ఉంటుంది. అరబ్బీలో 'ప' లేదు కాబట్టి పద్మ బద్మ అవుతుంది. 'చ', 'ట', 'ళ' ఉన్న పేర్లకూ తిప్పలే. సీతలోని శబ్దాలన్నీ అరబ్బీలో ఉన్నాయి, చెక్కు చెదరకుండా పలుకుతారు. ఒక చిన్న చిక్కు ఉంది, దాచం. అరబ్బీలో సిత్తా అంటే ఆరు. బడిలో పిల్లలు ఆట పట్టించవచ్చు. అప్పుడు ఈజిప్టువాళ్ళు సిత్ అంటే అమ్మగారు అని అంటారని చెప్పమనండి, సరిపోతుంది.

ఇంగ్లీషు స్పెల్లింగు మాత్రం మొదటిరోజే నిర్ణయించుకోండి. ఎస్ తర్వాత ఒక ఐ రాస్తారా, రెండు ఈలు రాస్తారా, టీ పక్కన హెచ్ ఉందా లేదా అన్నది జనన ధ్రువపత్రంలో, పాస్‌పోర్టులో, ఎమిరేట్స్ ఐడీలో, బడి రికార్డులో ఒకేలా ఉండాలి. మన చెవికి రెండూ సీతే. కంప్యూటర్‌కు ఒక్క అక్షరం తేడా వచ్చినా వేరే మనిషే.

అన్నిటికంటే ముఖ్యమైనది అమ్మమ్మల, నాయనమ్మల సంగతి. పాత పాస్‌పోర్టుల్లో చాలామంది పెద్దావిడలకు సీతమ్మ అని ఒక్క మాటే ఉంటుంది, ఇంటిపేరు గడి ఖాళీ. 2022 నవంబరు 21 నుంచి పాస్‌పోర్టులో ఒకే మాట పేరున్నవారిని విజిట్, టూరిస్టు వీసాల మీద ఈ దేశంలోకి అనుమతించడం లేదు. రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే అంగీకరిస్తామని తర్వాత వివరణ ఇచ్చారు. మనవరాలి పురిటికి సాయం చేయడానికి బయలుదేరే సీతమ్మగారు విమానాశ్రయంలో ఆగిపోకూడదు. టికెట్టు కొనే ముందే పాస్‌పోర్టు చూడండి, అప్పటికి ఉన్న నిబంధన ఏమిటో ఎయిర్‌లైన్‌తో సరిచూసుకోండి. అవసరమైతే ఊళ్ళో ఉండగానే ఇంటిపేరు చేర్పించండి. పాస్‌పోర్టు ఫారాలు నింపడం తెలియనివారు మా వాలంటీర్ల బల్ల దగ్గరికి రండి, కూర్చుని నింపిస్తాం.

మేం కోరేది

మీ పాపకు సీత అనే పెట్టండి అని మేం అడగడం లేదు. పేరు తల్లిదండ్రుల ఇష్టం, ఇంటి పెద్దల ఆశీర్వాదం. నచ్చని కారణం ఏదైనా ఉంటే మానేయండి. కష్టాలు వస్తాయన్న భయంతో మాత్రం మానేయకండి. పిల్లకు ఆ పేరు పెట్టాలనుకుంటున్న కోడలిని ఆ మాటతో ఆపకండి. పిలిచే పేరు వేరే ఏదైనా ఉన్నా, మధ్యలో సీతను చేర్చుకోవచ్చు. మన పెద్దలు అలా ఎన్నో పేర్లు కలిపారు.

రెండోది ఇంకా తేలిక. వచ్చే అర్చన పట్టికకు పేర్లు ఇచ్చేటప్పుడు మీ ఇంట్లో పెద్దావిడ పూర్తి పేరు ఆవిడనే అడిగి రాయండి. హడావుడిలో సీతామహాలక్ష్మిగారిని మహాలక్ష్మి అని, సీతారత్నంగారిని రత్నం అని రాసి ఇస్తున్నారు. తమ పేరు పూర్తిగా చదవగా విని ఆ పెద్దావిడలు మురిసిపోవాలి. ఆ పేరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో కూడా పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. అడిగేవాళ్ళు లేక చెప్పని కథలు ఆవిడ దగ్గర చాలా ఉంటాయి.

మన పెళ్ళి శుభలేఖల మీద అచ్చువేసే శ్లోకం సీతమ్మ దోసిట్లోని ముత్యాల తలంబ్రాల గురించే. కొత్త సంసారం మొదలుపెట్టేటప్పుడు ఆవిడ చేతి శుభాన్ని కోరుకుంటున్నాం. అదే చేతి పేరు పుట్టిన పాపకు పెడితే అశుభం ఎందుకవుతుంది? దున్నిన చాలులోనే గింజ మొలుస్తుంది. ఆ పేరు కూడా మన పిల్లల్లో మళ్ళీ మొలకెత్తాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాం.

పానకం చల్లగా ఉంది, పిల్లలకు ముందు ఇవ్వండి. జై సీతారాం.